లాడ్జికి సాఫ్ట్‌వేర్: ముందు 24 గంటల లెక్క, యాప్ తర్వాత

మన దగ్గర హోటల్ అంటే తిండి. రూములిచ్చేది లాడ్జి. హన్మకొండ చౌరస్తాలో నిలబడి మంచి హోటల్ ఎక్కడుందని అడిగితే టిఫిన్ సెంటర్ వైపు చెయ్యి చూపిస్తారు. బయట దొరికే హోటల్ సాఫ్ట్‌వేర్లలో చాలావరకు ఈ రెండిటినీ ఒకే మూటగట్టి, పైన స్పా, మినీబార్ మెనూలు తగిలించి అమ్ముతారు. ముప్పై రూముల లాడ్జిలో కౌంటర్ మీద కూర్చునే గుమాస్తాకు అందులో పనికొచ్చేవి ఐదారు స్క్రీన్లు. ఆ ఐదారూ కూడా మన లెక్కకు కుదరవు. ఎందుకు కుదరవో, కుదిరేలా ఎలా కట్టుకోవాలో ఈ పోస్టులో చూద్దాం. వంటింటి వైపు, అంటే కేవోటీ (వంటింటికి పోయే ఆర్డర్ చీటీ), సరుకుల స్టాకు జోలికి పోవడం లేదు. అది ఇంకో పోస్టంత పని.

రిజిస్టర్ మార్జిన్‌లో ఉన్నదే అసలు సంగతి

ఓనర్లు మాట మొదలుపెట్టేదే "మనకు కూడా ఒక యాప్ కావాలె" అని. వాళ్ళ మనసులో ఉన్నది కస్టమర్ ఫోన్‌లో లాడ్జి బొమ్మతో కనిపించే ఐకాన్. అది ఆఖర్న వచ్చే పని. చాలా లాడ్జిలకు అసలు అక్కర్లేని పని కూడా. వరంగల్‌లో రూము తీసుకునేదెవరో చూడండి: ఎంజీఎం ఆసుపత్రిలో పేషెంటు వెంట వచ్చినవాళ్ళు, ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చినవాళ్ళు, నిట్‌లోనో కాకతీయ యూనివర్సిటీలోనో పిల్లల్ని చేర్చడానికి వచ్చిన తల్లిదండ్రులు, పెళ్ళి చుట్టాలు, వేయిస్తంభాల గుడి, భద్రకాళి చూసుకుని రామప్పకు పోయేవాళ్ళు. వీళ్ళలో ఎక్కువమంది మళ్ళీ ఎప్పుడొస్తారో వాళ్ళకే తెలియదు. ఒక్క రాత్రి పడక కోసం యాప్ ఎవరూ దింపుకోరు. వాళ్ళకు వాట్సాప్‌లో ఒక లింకు, నొక్కితే తెరుచుకునే ఒక వెబ్ పేజీ, అందులో రూము ఫొటోలు, కిరాయి, అడ్వాన్స్ కట్టే బటన్ ఉంటే సరిపోతుంది.

యాప్ అవసరం ఉన్నది లోపలివాళ్ళకు: కౌంటర్‌కు, రూములు ఊడ్చేవాళ్ళకు, ఊళ్ళో లేని ఓనరుకు. కాబట్టి ప్లానింగ్ కౌంటర్ దగ్గర మొదలవ్వాలి. రెండు పగళ్ళు, కచ్చితంగా ఒక రాత్రి అక్కడ కూర్చోవాలి. రిజిస్టర్‌లో ఉండే కాలమ్‌లు ఎక్కడైనా ఒకటే: వరుస నంబరు, పేరు, చిరునామా, ఎక్కడి నుంచి వచ్చారు, ఎక్కడికి పోతారు, ఎందుకొచ్చారు, ఎంతమంది, గుర్తింపు కార్డు, వచ్చిన టైము, పోయిన టైము, అడ్వాన్స్, సంతకం. వీటిని స్క్రీన్ మీదికి ఎక్కించడం ఎవరికైనా వచ్చు. చూడాల్సింది మార్జిన్‌లో పెన్నుతో గీకిన రాతలు: "204 నుంచి 207కు మార్చినం", "500 బాకీ, పొద్దున ఇస్తనన్నడు", "పెళ్ళివాళ్ళ ఖాతాల రాయాలె", "ఏసీ పనిచేస్తలేదు, 200 తగ్గించినం". గడిచిన మూడు నెలల పేజీలు తిరగేసి ఇలాంటివన్నీ ఒక కాగితం మీద రాసుకుంటే ముప్పై నలభై వస్తాయి. ఒకేలాంటివి కలిపితే పదీ పన్నెండు రకాలు తేలతాయి. కొనే సాఫ్ట్‌వేరైనా, రాయించుకునే సాఫ్ట్‌వేరైనా ఆ పన్నెండూ చేయగలదా లేదా అన్నదే పరీక్ష. డెమోలో రంగుల గ్రాఫులు చూసి మోసపోవద్దు.

24 గంటల చెకౌట్

పెద్ద హోటళ్ళలో చెకౌట్ పగలు 11కో 12కో. మన లాడ్జిల్లో ఎక్కువగా 24 గంటల పద్ధతి: తాళం చేతికిచ్చిన టైము నుంచి మర్నాడు అదే టైము దాకా. మొత్తం డిజైన్ ఈ ఒక్క తేడా మీదే నిలబడుతుంది, కూలితే దీని వల్లే కూలుతుంది.

తారీఖులతో రాసిన సాఫ్ట్‌వేర్‌కు బుకింగ్ అంటే "శనివారం, ఒక రాత్రి". మనకు బుకింగ్ అంటే "శనివారం పొద్దున 5:10 నుంచి ఆదివారం పొద్దున 5:10 దాకా". మొదటిదానికి రెండు తారీఖులు దాచుకుంటే చాలు. రెండోదానికి మొదలూ ముగింపూ నిమిషాలతో సహా ఉండాలి. ముందు తారీఖులతో కానిచ్చి తర్వాత మార్చుకుందాంలే అనుకుంటే, ఆరు నెలలయ్యాక ప్రతి రిపోర్టూ ప్రతి బిల్లూ తిరగరాయాల్సి వస్తుంది.

రెండు బుకింగులు ఢీకొంటున్నాయా అన్నది చూడటం తేలికే. కొత్తదాని మొదలు పాతదాని ముగింపు కంటే ముందుండి, కొత్తదాని ముగింపు పాతదాని మొదలు కంటే తర్వాత ఉంటే ఢీకొన్నట్టు. 5:10కి ఒకరు ఖాళీ చేసి అదే నిమిషానికి ఇంకొకరు దిగితే తప్పు లేదు, అందుకే "ముందు", "తర్వాత" అనే చూడాలి, "సమానం" కలపకూడదు. అయితే ఈ చూపును ప్రోగ్రాంలో మాత్రమే రాస్తే సరిపోదు. కౌంటర్‌లో గుమాస్తా, ఇంట్లో ఓనరు ఒకే సెకనులో 204 మీద నొక్కితే ఇద్దరికీ "ఖాళీ" అనే కనిపిస్తుంది, ఇద్దరి బుకింగూ లోపలికి పోతుంది. కాపలా డేటాబేస్‌లోనే ఉండాలి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో బీట్రీ-జిస్ట్ ఎక్స్‌టెన్షన్ వేసుకుని, రూము నంబరు ఒకటే అయి టైము రేంజి ఒకదానిమీద ఒకటి పడితే ఒప్పుకోవద్దనే ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ పెడితే రెండోది దానంతటదే వెనక్కి వస్తుంది. మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్‌లో ఇలాంటిది లేదు. అక్కడ ముందు ఆ రూము వరుసను లాక్ చేసి, తర్వాత పాత బుకింగులు చూసి, అప్పుడు రాయాలి.

ఇక్కడే ఒక లొసుగు ఉంది. 5:10కి ఖాళీ చేయాల్సినాయన 8 అయినా పడుకునే ఉన్నాడనుకోండి. డేటాబేస్ లెక్కలో ఆయన టైము అయిపోయింది, రూము ఖాళీ. కొత్తవాళ్ళకు ఇస్తే తలుపు తీసేసరికి లోపల మనిషి. అందుకని రెండు జాగ్రత్తలు. చెకౌట్ నొక్కని ప్రతి బుకింగ్ ముగింపును పది పదిహేను నిమిషాలకోసారి పొడిగించే చిన్న పని వెనకాల నడుస్తుండాలి. రెండోది, చెకిన్ స్క్రీన్ బుకింగ్‌ను ఒక్కటే నమ్మకుండా, ఊడ్చే మనిషి "ఖాళీ, శుభ్రం" అని పెట్టిన రూములనే చూపించాలి.

ముందుగా బుక్ చేసుకున్నవాళ్ళకు రూము నంబరు అప్పుడే కట్టబెట్టొద్దు. "ఏసీ డబుల్ ఒకటి" అని రకం మాత్రమే పట్టి ఉంచి, వచ్చాకే నంబరివ్వాలి. లేకపోతే 204లో ఉన్నాయన ఇంకో రోజు ఉంటానన్నప్పుడల్లా ఆ ముగింపును జరపనివ్వకుండా రేపటి బుకింగ్ అడ్డుపడుతుంది, పక్కన 205, 206 ఖాళీగా ఉన్నా సరే.

టైము మీరితే ఎంత తీసుకోవాలన్నది ఒక్కో లాడ్జికి ఒక్కో తీరు. "రెండు గంటలు ఎక్కువైనయి, ఏం కాదు తియ్యన్నా" అనే చోటా ఉంటుంది, మూడు గంటలు దాటగానే సగం కిరాయి అనే చోటా ఉంటుంది. మూడు నాలుగు గంటలకు ఫ్రెషప్ రూములిచ్చేవాళ్ళూ ఉన్నారు. ఈ గంటలు, శాతాలు కోడ్‌లో రాయకుండా ఓనరు మార్చుకోగల సెట్టింగుల్లో పెట్టండి. మాఫీ చేసే అధికారం గుమాస్తాకు ఉండనివ్వండి, కానీ ఎవరు, ఎప్పుడు, ఎంత మాఫీ చేశారో రాసిపెట్టాలి.

ఆన్‌లైన్ సైట్లు అడిగేది తారీఖులే

మేక్‌మైట్రిప్, బుకింగ్ డాట్ కామ్, అగోడా లాంటి సైట్లకు 24 గంటల పద్ధతితో పని లేదు. వాటికి చెప్పాల్సింది "ఫలానా తారీఖున ఫలానా రకం రూములు ఎన్ని ఉన్నాయి" అన్న అంకె. గంటల లెక్కను తారీఖుల లెక్కలోకి మార్చే చోటే ఓవర్‌బుకింగ్ పుడుతుంది.

సైట్‌లో చెకిన్ పగలు 12, చెకౌట్ మర్నాడు 11 అని పెట్టారనుకుందాం. మన శనివారం 5:10 ఆసామి ఉండేది ఒక్క రోజే. కానీ శుక్రవారం పగలు 12 నుంచి శనివారం 11 దాకా ఉండే "శుక్రవారం రాత్రి"ని ఆయన కొంత తింటాడు, శనివారం 12 నుంచి ఆదివారం 11 దాకా ఉండే "శనివారం రాత్రి"ని కూడా తింటాడు. ఒక్క రోజు కిరాయికి సైట్ లెక్కలో రెండు రాత్రులు పోతాయి. వాటిలో శుక్రవారం రాత్రి ఒక్కటే తగ్గిస్తే, ఆదివారం తెల్లారేదాకా ఖాళీ కాని రూముకు శనివారం మధ్యాహ్నమే ఒక కుటుంబం బ్యాగులతో దిగుతుంది. చూపించాల్సిన అంకె ఇలా కట్టాలి: ఆ రకం మొత్తం రూముల్లోంచి, ఆ 12 నుంచి 11 దాకా ఉన్న వ్యవధిలో ఒక్క నిమిషమైనా పడే బుకింగులను, రిపేర్‌లో ఉన్నవాటిని తీసేయాలి.

ఇలా చేస్తే తెల్లవారుజామున కాజీపేటలో రైలు దిగి వచ్చేవాళ్ళు ఎక్కువున్న లాడ్జిలో సైట్లకు ఇచ్చే అంకె మరీ పడిపోతుంది. అప్పుడు మేలైన దారి, రూములను రెండు వాటాలు చేయడం: పన్నెండు రూములు ఆన్‌లైన్‌కు, వాటికి 11 గంటల చెకౌట్. మిగతావి నేరుగా వచ్చేవాళ్ళకు, 24 గంటలు. కౌంటర్ మీద ఆ పన్నెండింటికి వేరే రంగు. చూడటానికి మొరటు పద్ధతే, కానీ గొడవల్లేకుండా నడిచేది ఇదే.

సైట్లతో కలపడానికి ఐకాల్ లింకులు (మన బుకింగ్ క్యాలెండర్‌ను అవతలి సైట్ చదువుకునే లింకులు) ఉచితంగా దొరుకుతాయి. అవతలి సైట్ వాటిని తనకు వీలైనప్పుడు చదువుకుంటుంది, గంటలు కూడా పట్టొచ్చు. రెండు మూడు గదుల హోమ్‌స్టేకు సరే, లాడ్జికి పనికిరాదు. చానెల్ మేనేజర్ (అన్ని సైట్ల ఖాళీలను ఒక్క చోటు నుంచి మార్చే సేవ) ద్వారా ఏపీఐతో, అంటే సాఫ్ట్‌వేర్లు నేరుగా మాట్లాడుకునే దారిలో కలపాలి. వచ్చిన ప్రతి బుకింగ్‌కూ సైట్ ఇచ్చే నంబరును ప్రత్యేకంగా దాచి, అదే నంబరు మళ్ళీ వస్తే కొత్త బుకింగ్ చేయకుండా పాతదాన్నే సరిచేయాలి. జవాబు ఆలస్యమైతే వాళ్ళ సర్వర్ అదే సందేశాన్ని రెండోసారి, మూడోసారి పంపడం మామూలే.

టైము గురించి చెబుతున్నప్పుడే ఇంకొకటి. క్లౌడ్ సర్వర్లు మామూలుగా యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) టైములో నడుస్తాయి, మనకంటే అయిదున్నర గంటలు వెనక. అర్ధరాత్రి 12 నుంచి పొద్దున 5:30 వరకు సర్వర్ దృష్టిలో ఇంకా నిన్నటి తారీఖే. తారీఖును సర్వర్ నుంచి నేరుగా తీస్తే రాత్రి బండ్లకు వచ్చినవాళ్ళందరూ నిన్నటి కలెక్షన్‌లో పడతారు. పగలు చేసిన టెస్టింగ్‌లో ఇది ఎన్నటికీ బయటపడదు. ఎప్పుడూ టైమును యూటీసీలో దాచి, తారీఖును ఆసియా/కోల్‌కతా జోన్‌లోకి మార్చాకే తీయాలి. దానికి తోడు లాడ్జికంటూ ఒక "వ్యాపార దినం" ఉండాలి. అది అర్ధరాత్రి మారకుండా, రాత్రి షిఫ్ట్ గుమాస్తా గల్లా అప్పగించి రోజు మూసినప్పుడు మారాలి.

పన్ను దగ్గర మూడు గుంటలు

రూము కిరాయి రోజుకు 7,500 రూపాయల వరకు ఉంటే 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 5 శాతం, ఇన్‌పుట్ క్రెడిట్ లేకుండా, అంటే లాడ్జి తాను కొన్నవాటి మీద కట్టిన పన్నును ఇందులోంచి తగ్గించుకోలేదు. అంతకు ముందు 12 శాతం ఉండేది. 2022 జులై 18కి ముందు వెయ్యి రూపాయల లోపు రూములకు అసలు పన్నే లేదు. 7,500 దాటితే 18 శాతం. ఇన్నిసార్లు మారిన రేటును కోడ్‌లో అంకెగా రాసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. రేటు, పరిమితి, ఏ తారీఖు నుంచి అన్న మూడు కాలమ్‌లతో ఒక టేబుల్ పెట్టుకోవాలి, పాత బిల్లు మళ్ళీ ప్రింట్ చేస్తే పాత రేటే రావాలి.

మొదటి గుంట ఐజీఎస్టీ, అంటే రాష్ట్రం దాటిన అమ్మకానికి వేసే జీఎస్టీ. కస్టమర్ చంద్రపూర్ కంపెనీ, జీఎస్టీ నంబరు మహారాష్ట్రది. వేరే రాష్ట్రం కాబట్టి ఐజీఎస్టీ అని మామూలు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వేసేస్తుంది. తప్పు. రూము ఎక్కడుంటే సేవ అక్కడ జరిగినట్టే, ఎందుకంటే అది స్థిరాస్తికి ముడిపడిన సేవ. హన్మకొండలో పడుకున్నాయన ఏ రాష్ట్రంవాడైనా బిల్లు మీద సీజీఎస్టీ (కేంద్రం వాటా), ఎస్జీఎస్టీ (రాష్ట్రం వాటా) సగం సగమే. ఆ క్రెడిట్ మాకు రాదని కంపెనీవాళ్ళు కౌంటర్ దగ్గర వాదిస్తారు, అయినా బిల్లు మార్చడానికి లేదు.

రెండోది "రౌండ్ ఫిగర్". మన దగ్గర బేరం "అన్నీ కలిపి 1,500" అని తెగుతుంది. అందులోంచి 5 శాతం వెనక్కి తీస్తే కిరాయి 1,428.57. దాని మీద రెండున్నర శాతం 35.71, రెండు కలిపితే 71.42. మొత్తం 1,499.99. ఒక్క పైసా తక్కువ. దీన్ని కప్పిపుచ్చడానికి సీజీఎస్టీ 35.71, ఎస్జీఎస్టీ 35.72 అని వేస్తే రిటర్న్ దగ్గర రెండూ సమానంగా లేవని అభ్యంతరం వస్తుంది. రౌండాఫ్ అని వేరే వరుసలో 0.01 చూపించాలి. డబ్బును దశాంశాల్లో కాక పైసల్లో, పూర్ణాంకంగా దాచుకోవాలి.

మూడోది చాలామందికి తట్టదు. లాడ్జిలోనే రెస్టారెంట్ ఉంటే దాని మీద మామూలుగా 5 శాతం. కానీ గడిచిన ఆర్థిక సంవత్సరంలో ఏ ఒక్క రూమునైనా రోజుకు 7,500 మించి ఇచ్చి ఉంటే, 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిర్వచనం ప్రకారం ఆ ఆవరణ మొత్తం వేరే కోవలోకి పోతుంది, అక్కడి రెస్టారెంట్ 18 శాతం వేయాలి. మేడారం జాతర నాలుగు రోజుల్లోనో, మంచి ముహూర్తం రాత్రో ఒక సూట్‌ను ఎనిమిది వేలకు ఇచ్చామనుకోండి, ఆ ఒక్క బిల్లుకు ఏప్రిల్ నుంచి ఏడాది పొడుగునా ఇడ్లీ మీద కూడా 18 శాతం. కాబట్టి కిరాయి 7,500 దాటేలా టైప్ చేయగానే స్క్రీన్ ఆగాలి, ఓనరు ఒప్పుకుంటేనే ముందుకు పోవాలి.

బిల్లు నంబరు సంగతి క్లుప్తంగా: ఆర్థిక సంవత్సరంలో తెగకుండా వరుసగా ఉండాలి, మొత్తం 16 అక్షరాలు దాటకూడదు. బిల్లును తుడిచేసే బటన్ ఎక్కడా ఉండొద్దు. తప్పయితే క్రెడిట్ నోట్ (పాత బిల్లు మొత్తాన్ని తగ్గిస్తూ ఇచ్చే కాగితం). అడ్వాన్స్‌కు ఇచ్చేది బిల్లు కాదు, రసీదు వోచర్. బుకింగ్ రద్దయితే రీఫండ్ వోచర్.

పెళ్ళివాళ్ళ ఖాతా

మార్జిన్ రాతల్లో అన్నిటికంటే ఎక్కువ కనిపించేది ఇదే. ఫంక్షన్ హాలు పక్కనున్న లాడ్జిలో ఒకాయన పదిహేను రూములు పట్టుకుంటాడు. ఎవరెవరు దిగుతారో ఆయనకే తెలియదు. వచ్చినవాళ్ళు "మేం పెళ్ళికొడుకు తరఫు" అని తాళం అడుగుతారు. కిరాయి ఆయన కడతాడు, రాత్రి తెప్పించుకున్న బిర్యానీ మాత్రం దిగినవాళ్ళే కట్టుకోవాలి. ఒక బుకింగ్‌కు ఒక మనిషి, ఒక రూము, ఒక బిల్లు అని టేబుళ్ళు కడితే దీన్ని ఎక్కించడానికి దారే ఉండదు.

కట్టాల్సిన తీరు: పైన ఒక గుంపు బుకింగ్. దాని కింద పదిహేను బసలు. ప్రతి బసకూ రెండు ఖాతాలు, ఒకటి గుంపు ఖాతాకు పోయేది, ఇంకోటి దిగినవాళ్ళది. ఏ రకం ఖర్చు ఎటు పోవాలో గుంపు బుకింగ్‌లోనే ఒకసారి నిర్ణయించి పెట్టాలి. పేరు ఖాళీగా ఉండనివ్వాలి, కానీ తాళం ఇచ్చేటప్పుడు ఆ రూములో దిగేవాళ్ళ పేరు, గుర్తింపు లేకుండా చెకిన్ కాకూడదు. పోలీసులు రిజిస్టర్ చూడటానికి వస్తే "పెళ్ళివాళ్ళు" అన్నది జవాబు కాదు. విదేశీయులు దిగితే 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో వివరాలివ్వాలి. అందరూ ఫారం-సి అని పిలిచేది దాన్నే. 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చింది కాబట్టి ఇది మనకు సంబంధం లేని విషయమని వదిలేయడానికి లేదు. పాస్‌పోర్ట్, వీసా వివరాలకు చోటు, గడువు దగ్గర పడితే మోగే గంట మొదటి వెర్షన్‌లోనే పెట్టేయండి.

ఆధార్ ఫొటోలు గుమాస్తా సొంత ఫోన్ గ్యాలరీలో పోగుపడటం అన్నిచోట్లా ఉన్న జబ్బు. యాప్ కెమెరాతో తీసి నేరుగా సర్వర్‌కు పంపి, ఫోన్‌లో మిగలకుండా చూడాలి. నంబరులో చివరి నాలుగు అంకెలు చాలు.

తెలుగు ప్రింటు, తెలుగు తెర

80 మిల్లీమీటర్ల థర్మల్ ప్రింటర్‌కు ఇంగ్లిష్ అక్షరాలు పంపితే తనలో ఉన్న ఫాంట్‌తో కొట్టేస్తుంది, వరుసకు 48 అక్షరాలు. తెలుగు పంపితే ప్రశ్నార్థకాలో పిచ్చిగీతలో వస్తాయి, ఎందుకంటే దాని కోడ్ పేజీల్లో (లోపలున్న అక్షరాల పట్టికల్లో) మన లిపి ఉండదు. తెలుగు బిల్లు కావాలంటే మొత్తం బిల్లును కంప్యూటర్‌లోనే బొమ్మగా మార్చి పంపాలి. ఆ బొమ్మ వెడల్పు 576 చుక్కలు, 58 మిల్లీమీటర్ల ప్రింటరైతే 384. బొమ్మ గీసే లైబ్రరీకి ఒత్తులు, గుణింతాలు కూర్చడం రావాలి. లేకపోతే "క్ష్మీ" మూడు ముక్కలై పడుతుంది. బొమ్మ పంపితే ప్రింటు కాస్త నెమ్మదిస్తుంది, అందుకని పైన లాడ్జి పేరు, షరతులు మాత్రం తెలుగులో బొమ్మగా పెట్టి, అంకెల వరుసలు మామూలుగా పంపడం మధ్యేమార్గం.

ఫోన్ తెర మీద బటన్ ఎత్తు ఇంగ్లిష్‌కు కొలిచి పెడితే కింది ఒత్తులు తెగిపోతాయి. వరుసల మధ్య ఖాళీ అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లన్నా ఇవ్వాలి. పేరుతో వెతకడం మీద ఆశ పెట్టుకోవద్దు: శ్రీనివాస్ అన్న పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో నాలుగు రకాలుగా కొడతారు. ఫోన్ నంబరు చివరి నాలుగు అంకెలు కొడితే మనిషి దొరకాలి.

ఎస్ఎంఎస్ తెలుగులో పంపితే ఒక మెసేజీకి 70 అక్షరాలే. ఇంగ్లిష్‌లో 160. 70 దాటితే 67 చొప్పున ముక్కలవుతుంది, ముక్కకో మెసేజీ డబ్బు. పైగా టెలికాం కంపెనీల డీఎల్‌టీ రిజిస్టర్‌లో హెడర్ (పంపేవాళ్ళ పేరు), మెసేజీ నమూనా ముందే రిజిస్టర్ చేయించాలి, ఆ నమూనాలో ఒక్క మాట తేడా ఉన్నా మెసేజీ పోదు.

గల్లా, యూపీఐ, కరెంటు

కౌంటర్ మీద అతికించిన క్యూఆర్ స్టిక్కర్‌తో వచ్చే చిక్కు, డబ్బు ఏ రూముదో తెలియకపోవడం. ఫోన్‌లో పచ్చ టిక్కు చూపిస్తే నమ్మి తాళం ఇచ్చేస్తారు. పచ్చ టిక్కు బొమ్మ ఎవరైనా తయారుచేయొచ్చు. ప్రతి వసూలుకూ మొత్తం, బుకింగ్ నంబరు ఉన్న కొత్త క్యూఆర్ తెర మీద రావాలి. డబ్బు జమ అయినట్టు బ్యాంకు లేదా గేట్‌వే సర్వర్ నుంచి కబురొస్తేనే రసీదు. ఆ కబురు రాకపోతే "పెండింగ్" అని ఉంచి, అరనిమిషానికోసారి మనమే అడిగే ఏర్పాటు ఉండాలి. ఏదీ కుదరనప్పుడు 12 అంకెల ఆర్ఆర్ఎన్ (ఆ చెల్లింపు గుర్తింపు నంబరు) రాసుకుని వదలొచ్చు, మర్నాడు స్టేట్‌మెంట్‌తో సరిచూడాలి.

షిఫ్ట్ మారేటప్పుడు గుమాస్తా ముందు 500 నోట్లెన్ని, 200లెన్ని, 100లెన్ని అని కొట్టాలి. ఎంత ఉండాలో సాఫ్ట్‌వేర్ ఆ తర్వాతే చూపించాలి. ముందే చూపిస్తే లెక్క ఎప్పుడూ కుదురుతుంది.

నెట్ పోయినా తాళం ఇవ్వగలగాలి. ముప్పై రూములకు కౌంటర్ కిందే ఒక చిన్న పీసీ (8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉంటే ఎక్కువ) పెట్టి డేటాబేస్ అందులో నడపాలి. క్లౌడ్‌కు నకలు పోతుండాలి. రూము ఇచ్చే అధికారం ఒక్క చోటే ఉండాలి, అది ఆ పీసీ. నెట్ లేనప్పుడు ఓనరు ఫోన్‌లో చూడొచ్చు, బుక్ చేయకూడదు. నెట్ ఆగిన పావుగంటకు సైట్లలో అమ్మకం నిలిపే పని క్లౌడ్ వైపు ఉండాలి, ఎందుకంటే ఇక్కడి ఖాళీలు ఆ పావుగంటలో మారిపోయి ఉండొచ్చు. యూపీఎస్‌కు పీసీతో పాటు రౌటర్‌ను, ప్రింటర్‌ను కూడా తగిలించండి. పీసీ వెలుగుతూ రౌటర్ ఆరిపోయిన కౌంటర్లు కోకొల్లలు.

ఊడ్చేవాళ్ళ యాప్

ఇదొక్కటే నిజంగా మొబైల్ యాప్‌గా ఉండాల్సింది. పాత ఆండ్రాయిడ్ ఫోన్, పగిలిన తెర, తడిచేతులు, చదువు అంతంతమాత్రం: ఇవి మనసులో పెట్టుకుని గీయాలి. పెద్ద పెద్ద గడులు, గడిలో రూము నంబరు, నాలుగు రంగులు: శుభ్రం, మాసింది, మనుషులున్నారు, రిపేరు. నొక్కితే రంగు మారాలి. రిపేరుకు టైపు చేయించొద్దు, పది సెకన్ల మాట రికార్డు చేస్తే చాలు, "అన్నా, 112ల గీజర్ వేడైతలేదు" అని. కొన్ని ఫోన్లలో బ్యాటరీ పొదుపు సెట్టింగు వెనకాల నడిచే యాప్‌లను చంపేస్తుంది, నోటిఫికేషన్ రాదు. అందుకని యాప్ తెరిచిన ప్రతిసారీ మొత్తం రూముల స్థితి కొత్తగా తెచ్చుకోవాలి.

దీన్ని ప్లే స్టోర్‌లో పెట్టాలంటే 25 డాలర్లు ఒకసారి కట్టాలి. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతా అయితే 12 మంది చేత వరుసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్టింగ్ (ఎంచుకున్నవాళ్ళకే ఇచ్చి చూసే పరీక్ష) చేయించాక గానీ బయటికి వదలనివ్వరు. ఆ రెండు వారాలు ప్లాన్‌లో వేసుకోనివాళ్ళే ఎక్కువ. నలుగురు ఊడ్చేవాళ్ళ కోసమే అయితే ఫోన్ హోమ్ స్క్రీన్ మీద పెట్టుకునే వెబ్ యాప్ సరిపోతుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి

ముగ్గురు మనుషుల బృందానికి చెకిన్, చెకౌట్, బిల్లు, గల్లా, ఊడ్చేవాళ్ళ యాప్ వరకు నాలుగు నెలలు పెట్టుకోండి. సైట్లతో కలపడానికి ఇంకో రెండు. తలుపు కార్డు తాళాలుంటే ఆ కంపెనీ ఇచ్చే ఎస్‌డీకే (తాళాలను మన సాఫ్ట్‌వేర్‌తో కలిపే కోడ్) ఏ విండోస్ మీద నడుస్తుందో ముందే అడగండి, చాలావాటికి పాత డ్రైవర్లే ఉంటాయి.

కౌంటర్ మీద పెట్టడానికి ఆషాఢం మంచిది. పెళ్ళిళ్ళుండవు, రూములు సగం ఖాళీ, గుమాస్తాకు నేర్చుకునే ఓపిక ఉంటుంది. మాఘంలో వద్దు: ముహూర్తాలు, మిర్చి సీజన్, జాతర ఏడాదైతే మేడారం జనం అన్నీ ఒకేసారి మీద పడతాయి. మొదటి పదిహేను రోజులు కాగితం రిజిస్టర్ పక్కనే నడవాలి. రోజు మూసేటప్పుడు మూడు అంకెలు సరిచూడండి: నిండిన రూములు, గల్లాలో నగదు, రావాల్సిన బాకీ. మూడో అంకే ఎక్కువగా తేడా కొడుతుంది, ఎందుకంటే బాకీ ఇంకా ఎవరో ఒకరు మార్జిన్‌లోనే రాస్తుంటారు. ఎనిమిదో రోజు రాత్రి బ్యాకప్ ఫైలును వేరే లాప్‌టాప్‌లో ఎక్కించి, అందులోంచి ఆ రాత్రి ఏ రూములో ఎవరున్నారో జాబితా ప్రింట్ తీసి, కౌంటర్ వెనకున్న తాళాల బోర్డుతో పోల్చండి. బోర్డు మీద లేని ప్రతి తాళానికీ ఆ జాబితాలో ఒక పేరుండాలి.